పొగరు అనుకునేముందు

ఏడో తరగతి పిల్లవాడు కడుపునొప్పి అంటూ వారం విడిచి వారం బడి మానేస్తుంటాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు అయిపోతాయి. టౌన్లో స్కానింగ్ తీయిస్తే అంతా బాగానే ఉందంటారు. నొప్పి మాత్రం ఆదివారం రాత్రి మొదలై సోమవారం పొద్దుటికి ముదురుతుంది. నాయనమ్మ దిష్టి తీస్తుంది. నాన్న ఓపిక నశించి తేల్చేస్తాడు: "వీడికే రోగమూ లేదు. బడి ఎగ్గొట్టడానికి నాటకాలు." పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి ఆలస్యంగా చేరే కుటుంబాలు చెప్పే కథలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఆ నొప్పి నాటకం కాదు. పిల్లవాడికి నిజంగానే నొప్పిగా ఉంటుంది. మూలం మాత్రం పొట్టలో లేదు.

డిప్రెషన్ అనగానే మూలన కూర్చుని కన్నీళ్లు పెట్టుకునే మనిషే మన కళ్ల ముందు మెదులుతాడు. పిల్లల్లో చాలాసార్లు అలా కనిపించదు. మానసిక వ్యాధుల నిర్ధారణకు ప్రపంచమంతటా డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 ఈ తేడాను ప్రత్యేకంగా పేర్కొంది. పెద్దల్లో దిగులును చూస్తే, పిల్లల్లోనూ టీనేజీ వయసువాళ్లలోనూ దాని బదులు చిరాకు, కోపం ఉన్నా లెక్కలోకి తీసుకోవాలంటుంది. పెద్దల్లో బరువు తగ్గడాన్ని చూస్తే, చిన్నపిల్లల్లో ఎదిగే వయసులో పెరగాల్సినంత బరువు పెరగకపోవడాన్ని చూడాలంటుంది. వీటితోపాటు నిద్ర తగ్గడమో మరీ ఎక్కువ కావడమో, ఆకలి మారడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, ఇష్టమైన ఆటలమీద కూడా ఆసక్తి పోవడం, తానెందుకూ పనికిరానన్న భావన, చావు గురించిన ఆలోచనలు ఉంటాయి. వీటిలో కనీసం ఐదు, రెండు వారాలకు తగ్గకుండా, దాదాపు రోజూ ఉండి, చదువునో స్నేహాలనో ఇంట్లో మసలే తీరునో దెబ్బతీస్తుంటే డాక్టర్లు దాన్ని డిప్రెషన్‌గా గుర్తిస్తారు. ఆ ఐదింటిలో దిగులు లేదా చిరాకు, ఆసక్తి పోవడం అనే రెండింట్లో ఒకటైనా తప్పక ఉండాలి.

ఇప్పుడు ఇదే జాబితాను ఇంట్లో వాడే మాటల్లో చదివి చూడండి. చిరాకును పొగరంటాం. సత్తువ లేకపోతే బద్ధకమంటాం. చదువు తలకెక్కకపోతే సెల్‌ఫోన్ పిచ్చి అంటాం. గదిలోంచి బయటికి రాకపోతే "పెద్దవాళ్లంటే లెక్కలేదు" అంటాం. జబ్బులోని ఒక్కో లక్షణానికీ మన దగ్గర ఒక్కో తిట్టు సిద్ధంగా ఉంది. ఈ జబ్బుతో పిల్లలు పడే బాధలో సగం ఈ తిట్ల వల్లే అంటే అతిశయోక్తి కాదు. నీరసంతో మంచం దిగలేని పిల్ల, తాను నిజంగానే బద్ధకస్తురాలినని నమ్మడం మొదలుపెడుతుంది. తానెందుకూ పనికిరానని జబ్బు లోపలినుంచి చెబుతున్న మాటనే అమ్మానాన్నలు బయటినుంచి ఖాయం చేస్తారు.

ఈ విషయంలో తల్లిదండ్రులనే తప్పుపట్టడం న్యాయం కాదు. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం పొరబడింది. డిప్రెషన్ రావాలంటే మనసు ఒక స్థాయికి ఎదగాలి, పిల్లల్లో అది సాధ్యం కాదని ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా పేరున్న మనోవిశ్లేషకులే వాదించారు. తల్లులకు దూరమైన పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి, ఆపై ఏడుపు కూడా మాని, తిండి తినక, ఎవరివైపూ చూడకుండా ఉండిపోవడాన్ని మనోవిశ్లేషకుడు రెనె స్పిట్జ్ 1946లోనే నమోదు చేశాడు. తల్లి కొన్ని నెలల్లోపు తిరిగొస్తే వాళ్లు కోలుకున్నారని కూడా రాశాడు. అయినా పిల్లల కుంగుబాటును యూరప్‌లోని పిల్లల మానసిక వైద్యులు తమ మహాసభకు ప్రధానాంశంగా తీసుకున్నది 1971లో, స్టాక్‌హోంలో. అంటే ఇప్పుడు తాతలైనవారి చిన్నతనంలో డాక్టర్లకే ఈ జబ్బు సరిగ్గా తెలియదు. "మా కాలంలో ఇవన్నీ లేవు" అనే మాటకు జవాబు ఇక్కడుంది. అప్పుడూ ఉన్నాయి, చూసే కళ్లే లేవు.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. చిన్నపిల్లల్లో సుమారు 2 శాతం మందికి, కౌమారంలో 4 నుంచి 8 శాతం మందికి డిప్రెషన్ ఉంటుందని పిల్లల మానసిక వైద్యుల అంచనా. యుక్తవయసు రాకముందు ఆడపిల్లల్లో, మగపిల్లల్లో దాదాపు సమానంగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఆడపిల్లల్లో రెట్టింపు అవుతుంది. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. అరవై మంది ఉన్న తరగతి గదిలో నలుగురు అన్నమాట.

'ఆర్‌ఆర్‌ఆర్‌'లో సీతగా తెలుగువారికి దగ్గరైన ఆలియా భట్‌కు షాహీన్ అని ఒక అక్క ఉంది. పన్నెండు, పదమూడేళ్ల వయసులో మొదలైన కుంగుబాటు గురించి ఆమె 2018లో ఒక పుస్తకమే రాసింది. జబ్బు ఇదీ అని డాక్టర్లు తేల్చేసరికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. సినిమా కుటుంబం, ముంబై నగరం, డబ్బుకు, డాక్టర్లకు కొదవలేదు. అయినా ఐదేళ్లు పట్టింది. "తిండికి లోటా, బట్టకు లోటా, వీడికేం కష్టం?" అని అడిగేవారు ఈ ఐదేళ్ల గురించి ఆలోచించాలి.

ఎందుకొస్తుంది?

ఒకే కారణం వెతకడం మానుకోవాలి. తల్లికో తండ్రికో డిప్రెషన్ ఉన్న ఇంట్లో పిల్లలకు వచ్చే అవకాశం మిగతావారికంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. అందులో వారసత్వం పాలు కొంత, ఇంటి వాతావరణం పాలు కొంత. దానిమీద ఇంట్లో గొడవలు, తోటిపిల్లల వేధింపులు, దగ్గరివారి మరణం, లైంగిక వేధింపులు, దీర్ఘకాలిక జబ్బులు వచ్చి చేరతాయి. కొందరిలో ఇవేవీ లేకుండానే వస్తుంది. అందుకే "ఏమైంది, ఎవరేమన్నారు?" అని గుచ్చి గుచ్చి అడిగితే పిల్లలు నోరు విప్పరు. చెప్పడానికి వాళ్లకే తెలియదు.

తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా మాట్లాడుకోవాల్సింది రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ గురించి. పదో తరగతి ఫలితాలు రాగానే పదిహేనేళ్ల పిల్లలు పెట్టె సర్దుకుని విజయవాడకో హైదరాబాద్‌కో బయల్దేరతారు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు. వారం వారం పరీక్ష, ర్యాంకు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. ఈ వయసులో మెదడు నిద్ర హార్మోను మెలటోనిన్‌ను చిన్నపిల్లలకంటే ఆలస్యంగా విడుదల చేస్తుంది. అందుకే వాళ్లకు రాత్రి తొందరగా నిద్రపట్టదు, పొద్దున మెలకువ రాదు. రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాల్సిన ఆ వయసులో ఆరు గంటలతో సరిపెట్టే హాస్టళ్లున్నాయి. నిద్రలేమి డిప్రెషన్‌ను ముదురుస్తుంది, డిప్రెషన్ నిద్రను చెడగొడుతుంది. ఈ సుడిలో పడ్డ పిల్లవాడు క్లాసులో కునుకు తీస్తే నిలబెట్టేస్తారు.

విజిటింగ్ ఆదివారం ఈ కాలేజీల గేట్ల దగ్గర చూడాలి. అమ్మానాన్నలు తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి ఉంటారు. చెట్టుకింద దుప్పటి పరిచి, స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో చికెన్ వేపుడు, నెలకు సరిపడా సున్నుండలు, జంతికలు. పిల్లవాడు వచ్చి కూర్చోగానే తండ్రి అడిగే మొదటి ప్రశ్న: "ఈ వారం ర్యాంకెంత?" తల్లి కొసరి కొసరి వడ్డిస్తుంది. పిల్లవాడు తింటాడు, అడిగినదానికి జవాబిస్తాడు, మూడింటికి గేటు లోపలికి వెళ్లిపోతాడు. అంత ప్రేమతో అంత దూరం వచ్చినవాళ్లకు ఆ నెలలో పిల్లవాడి మనసులో ఏం జరిగిందో తెలియకుండానే తిరుగు బస్సు వచ్చేస్తుంది. ర్యాంకు అడగొద్దని ఎవరూ అనరు. అది మొదటి ప్రశ్న కాకుండా ఉంటే చాలు.

మాట ఎలా కలపాలి?

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అంటే టీనేజీ పిల్లలు బిగుసుకుపోతారు. బండిమీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, రాత్రి మేడమీద పక్కలు వేసుకున్నాక, ఇలా కళ్లలోకి చూడనక్కర్లేని సమయాల్లో మాట తేలిగ్గా వస్తుంది. తాము గమనించినదాన్ని గమనించినట్టే చెప్పడం మంచి పద్ధతి.

"ఏం నాన్నా, రెండు వారాల నుంచీ చూస్తున్నా, అన్నం సగంలో వదిలేస్తున్నావు. క్రికెట్‌కి కూడా వెళ్లట్లేదు. మనసులో ఏమన్నా బాధగా ఉందా?"

"ఏం లేదమ్మా."

"సరేలే, ఇప్పుడు చెప్పాలనిపించకపోతే వద్దు. ఎప్పుడు చెప్పినా వింటాను. కోప్పడను."

అక్కడితో ఆపేయాలి. మర్నాడో, వారం తర్వాతో మళ్లీ అడగాలి. చాలామంది పిల్లలు మొదటిసారి ఏమీ చెప్పరు. అమ్మ నిజంగా కోప్పడదా అని చూస్తుంటారు. చెప్పిన రోజున వెంటనే సలహా ఇవ్వకుండా ఉండటం తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైన పని. "మీ వయసులో మేము లాంతరు వెలుగులో చదువుకున్నాం" అనగానే ఆ సంభాషణ ముగిసిపోతుంది. "పెద్దమ్మ వాళ్ల అబ్బాయిని చూడు" అన్నా అంతే. "నీకింత కష్టంగా ఉందని నాకు తెలియలేదు కన్నా, చెప్పి మంచి పని చేశావు" అనే మాట చాలు. తర్వాతి పని డాక్టరు దగ్గరికి వెళ్లడం.

మొదట పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్లొచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా పిల్లల్ని నీరసంగా, చిరాగ్గా మారుస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాకే మనసు సంగతి చూడటం తెలివైన పద్ధతి. అక్కడినుంచి సైకియాట్రిస్టుకు పంపిస్తే భయపడాల్సిన పనిలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఆ పేర్లు మన సినిమాల్లో ఎగతాళికి వాడుకున్నందువల్లే ఎన్నో కుటుంబాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగాయి. ఆడపిల్ల అయితే "రేపు సంబంధాలు రావు" అనే భయం ఒకటి. డాక్టరు దగ్గర చెప్పే విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

వైద్యం పనిచేస్తుందా?

పనిచేస్తుంది. దీనికి గట్టి ఆధారముంది. అమెరికాలో 12-17 ఏళ్ల వయసున్న 439 మంది డిప్రెషన్ బాధితులమీద జరిగిన టాడ్స్ అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. ఫ్లూఆక్సెటిన్ మాత్ర, ఆలోచనల తీరును సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కలిపి ఇచ్చినవారిలో 12 వారాలకు 71 శాతం మంది బాగా మెరుగుపడ్డారు. మాత్ర ఒక్కటే ఇస్తే 61 శాతం, థెరపీ ఒక్కటే ఇస్తే 43 శాతం, మందులేని ఉత్తి మాత్ర ఇస్తే 35 శాతం. మధ్యస్థ, తీవ్ర డిప్రెషన్‌లో రెండూ కలిపి వాడటం మేలని దీన్నిబట్టి డాక్టర్లు చెబుతారు. తేలికపాటిదైతే చాలాసార్లు కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు.

ఆ థెరపీలో జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. "నేను వేస్ట్" అని రాసుకున్న పిల్లకు సైకాలజిస్టు ఉపన్యాసం ఇవ్వరు. ఆ ఆలోచన ఏ రోజు, ఎప్పుడు, ఏం జరిగాక వచ్చిందో నోటుబుక్కులో రాయమంటారు. రాసినదాన్ని పక్కన కూర్చుని చదువుతారు. "కెమిస్ట్రీలో మార్కులు తగ్గాయి" అన్నది జరిగిన విషయం, "నేను వేస్ట్" అన్నది దానిమీద మనసు చెప్పిన తీర్పు అని ఆ పిల్లే విడదీసేలా చేస్తారు. ఇంకోపక్క రోజుకొక చిన్న పని ఇస్తారు: సాయంత్రం ఇరవై నిమిషాలు నడక, మాట్లాడటం మానేసిన స్నేహితురాలికి ఒక ఫోను. చేయాలనిపించాక చేయడం కాదు. చేస్తూ ఉంటే చేయాలనిపించడం తర్వాత వస్తుంది. ఇంట్లోవాళ్లు సాయపడగలిగేది ఇక్కడే. "వెళ్లు, నడువు" అని పురమాయించే బదులు చెప్పులేసుకుని తోడు వెళ్లాలి.

మాత్రల గురించి నాలుగు మాటలు తెలిసి ఉండాలి. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, వారానికే గుణం కనిపించలేదని డాక్టర్‌ను మార్చకూడదు. డిప్రెషన్ మందులు కొంతమంది పిల్లల్లో మొదట్లో ఆత్మహత్య ఆలోచనల్ని పెంచవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో హెచ్చరించింది. 4,400 మందికి పైగా పిల్లల సమాచారం చూస్తే మందు వాడినవారిలో అలాంటి ఆలోచనలు, ప్రవర్తన 4 శాతం మందిలో, వాడనివారిలో 2 శాతం మందిలో కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ప్రాణం మాత్రం ఒక్కరిదీ పోలేదు. కాబట్టి మందు మానాల్సిన అవసరం లేదు, మొదటి వారాల్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి. మాత్రల స్ట్రిప్ పెద్దల దగ్గరే ఉండాలి. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడమంటారు, మధ్యలో సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

అడగడానికి భయపడే ప్రశ్న

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన వారాన్ని చాలా కుటుంబాలు ఎన్నటికీ మరిచిపోలేవు. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఇలా పోయిన విద్యార్థులు 13,044 మంది. మార్కుల వల్లే అని ఒక్క ముక్కలో రాయడం తేలిక. ఆత్మహత్యకు ఒక్కటే కారణం ఉండటం అరుదని నిపుణులు చెబుతారు. అప్పటికే లోపల కుంగిపోయి ఉన్నవారికి ఒక్క ఫలితం మోయలేనంత బరువవుతుంది. ఆ కుంగుబాటును ముందే గుర్తించే వ్యవధి చాలాసార్లు ఉంటుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని అడగడానికి ఏ అమ్మకైనా నోరు రాదు. లేని ఆలోచనను మనమే కలిగించినట్టవుతుందేమోనని భయం. న్యూయార్క్ రాష్ట్రంలో 2,300 మందికి పైగా హైస్కూలు విద్యార్థుల మీద జరిపిన అధ్యయనం 2005లో ఈ భయాన్ని తీర్చింది. ఆ ప్రశ్న అడిగినందువల్ల పిల్లల్లో ఆందోళన గానీ, చావు ఆలోచనలు గానీ పెరగలేదు. అడగాల్సిందే, నిదానంగా, నేరుగా. అవునంటే అరవకూడదు, ఏడ్చి ఒట్టు వేయించుకోకూడదు. ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో, పొలం దగ్గర పురుగుమందులు, మాత్రలు అందకుండా తాళం వేయాలి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోలీసు కేసవుతుందన్న భయంతో దాచేవారున్నారు. ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదని 2017 చట్టం చెబుతోంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలు తామే ఫోన్ చేసుకోవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

బడి పాత్ర గురించి బిహార్ నుంచి ఒక మంచి కబురుంది. నలంద జిల్లాలోని 75 స్కూళ్లలో సెహెర్ పేరుతో జరిగిన ప్రయోగంలో, డాక్టర్లు కాకుండా శిక్షణ పొందిన మామూలు వ్యక్తులే కౌన్సెలర్లుగా పనిచేశారు. పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలూ వేధింపులూ తగ్గాయి. అదే పనిని ఉపాధ్యాయులకు అప్పగించిన స్కూళ్లలో ఆ మేలు కనిపించలేదు. 2018లో వచ్చిన ఈ ఫలితాలు చెబుతున్నది స్పష్టం: మార్కులు వేసే మనిషే మనసు వినే మనిషి కూడా కావాలంటే కుదరడం కష్టం. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు కూడా ఈ దారిలోనే ఉంది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించాలని, మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానాలని కోర్టు ఆదేశించింది.

కాబట్టి ఈసారి ఇంటర్ అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేముందు ఫీజు, గత ఏడాది ర్యాంకులతోపాటు ఇంకో నాలుగు సంగతులు ఆఫీసులో అడగండి. కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, వారంలో ఏ రోజుల్లో ఉంటారు? పిల్లవాడు వార్డెన్ అనుమతి లేకుండా వెళ్లి కలవొచ్చా? మనసు బాగోలేదని ఇంటికి ఫోన్ చేయాలంటే ఎవర్ని అడగాలి? రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు? వీటికి సూటిగా జవాబు చెప్పలేని కాలేజీలో సీటు ఉచితంగా ఇచ్చినా పిల్లల్ని చేర్పించకండి.